తల్లి లూన్ మునిగిన పేజీ

ఏప్రిల్ 9, బుధవారం

బ్రిట్ పెట్టుకున్న లాయరు దగ్గర్నుంచి కవరు వచ్చింది. విచారణ ఇరవై తొమ్మిదిన. కొడుకు ఓరిన్‌ని తనకు ఇచ్చేయమని కన్నకూతురు నా మీద కోర్టుకెక్కింది. నాలుగేళ్ళుగా వాడికి వండిపెట్టింది నేను, ముక్కు తుడిచింది నేను, జ్వరమొస్తే పక్కన కూర్చున్నది నేను. ఈవిడగారు ఆ రోజుల్లో మత్తు మాత్రలు మింగి ఎవరి సోఫా మీద పడి ఉందో ఈవిడకే తెలియదు. ఇప్పుడు మానేసిందట. క్లోకే ఊళ్ళో బేకరీలో ఉద్యోగం, చిన్న ఇల్లు, పిల్లాడి గదికి పడవల బొమ్మలున్న తెరలు. ఫోటోలు తీసి మరీ జత చేశారు. తెరలు చూసి పిల్లల్ని అప్పగిస్తారు కాబోలు.

సాయంత్రం తనే ఫోన్ చేసింది. వాడు నిద్రపోయాడని చెప్పాను. వాడు స్నానం చేస్తూ గొంతెత్తి పాడుతున్నాడు. వినపడిందేమో. వినపడితే వినపడనీ.

ఏప్రిల్ 11, శుక్రవారం

సంతోషించడానికి ఒకటి దొరికింది. మినియాపోలిస్‌లో పిల్లల పుస్తకాలు రాసేవాళ్ళ సదస్సుకి డబ్బు కట్టాను కదా, అక్కడ న్యూయార్క్ ఎడిటరుతో విడిగా కూర్చుని మాట్లాడే అవకాశం నాకు వచ్చింది. రెనాటా ప్రూయిట్ అట పేరు. అందరికీ రాదు, చీటీలు తీస్తారు. బొమ్మల పుస్తకమైతే డమ్మీ తెమ్మన్నారు. కాగితాలు మడిచి కుట్టి, అచ్చు పుస్తకంలాగే పేజీ తిప్పితే ఏ బొమ్మ వస్తుందో, ఏ మాట వస్తుందో చూపించాలి. పళ్ళ డాక్టరు ఆఫీసులో జీవితమంతా అపాయింట్‌మెంట్లు రాసినదాన్ని. ఇన్నాళ్ళకు నాకొకరు అపాయింట్‌మెంట్ ఇచ్చారు.

నా పుస్తకం పేరు 'అమ్మమ్మ వీపు మీద'. మన సరస్సుల్లో మునిగి చేపలు పట్టే లూన్ పక్షుల పిల్లలు పెద్దవాటి వీపెక్కి తిరుగుతాయి కదా, అదీ కథ. తల్లి లూన్ చేప కోసమని మునుగుతుంది, పైకి రాదు. అమ్మమ్మ లూన్ వచ్చి పిల్లను వీపు మీద ఎక్కించుకుంటుంది. గద్ద వస్తుంది, గాలివాన వస్తుంది, మోటారు పడవ వస్తుంది. ప్రతిసారీ అమ్మమ్మే కాపాడుతుంది. చివరి పేజీలో "అమ్మమ్మ ఉండగా ఇంకెవరూ అక్కర్లేదు" అంటుంది పిల్ల.

పక్కింటి అర్డిస్‌కి చదివి వినిపించాను. కాఫీలో చక్కెర కలుపుకుంటూ వింది.

"బాగానే ఉంది గానీ మార్లిస్, ఆ తల్లి ఏమైందే?"

"మునిగింది."

"మునిగితే? లూన్లు మునుగుతాయి, మళ్ళీ తేలతాయి. వాటి బతుకే అది."

"ఇది తేలలేదు."

"నువ్వు తేలనిస్తేగా" అంది.

అర్డిస్‌కి పుస్తకాల సంగతేం తెలుసు. కోళ్ళ సంగతి అడగాలి ఆవిణ్ణి.

ఏప్రిల్ 13, ఆదివారం

పొద్దున ఓరిన్‌ని బ్రిట్ ఇంటి దగ్గర దించి, సాయంత్రం తెచ్చుకున్నాను. ఆదివారాలు తనతో గడపాలని కోర్టు చెప్పింది కాబట్టి. తిరిగి వచ్చేటప్పుడు మళ్ళీ అదే ఏడుపు. వెనక సీట్లో మోకాళ్ళ మీద లేచి, ఆ ఇల్లు కనపడకుండా పోయేదాకా అద్దంలోంచి చూస్తూ ఏడ్చాడు. బెల్టు పెట్టుకోరా అని అరవాల్సి వచ్చింది. అక్కడ ఏం చేస్తుందో ఏమో వాణ్ణి. వెళ్ళొచ్చిన ప్రతిసారీ ఇంతే. జడ్జికి ఈ సంగతి చెప్పాలి.

జుట్టులో కూడా పిండి. తనతో కూర్చోబెట్టి రొట్టెలు చేయించిందట. ఏడేళ్ళ పిల్లాడికి పని చెప్పే తల్లి.

ఏప్రిల్ 16, బుధవారం

బ్రిట్ ఫోన్. నిద్రపోయాడని చెప్పాను.

ఏప్రిల్ 19, శనివారం

డమ్మీ పూర్తయింది. నీళ్ళకు నీలం వేయడానికే వారం పట్టింది, కానీ నీళ్ళు నీళ్ళలాగే ఉన్నాయి. తీసుకెళ్ళేముందు ఓరిన్‌కి ఇచ్చాను. వాడికి పుస్తకాన్ని పైపైన చూడటం రాదు, చూస్తే అందులోకి దూరిపోతాడు. వంటింటి బల్ల దగ్గర కూర్చుని, నాలుక కొస బయటపెట్టి, మోచెయ్యి అడ్డం పెట్టుకుని మధ్యాహ్నమంతా పేజీలు తిప్పుతూనే ఉన్నాడు. నేను ఈస్టరు పండక్కి హామ్ మాంసం సిద్ధం చేసుకుంటూ వాణ్ణే చూస్తున్నాను. నా పుస్తకంలో అంతసేపు మునిగిపోయాడు నా మనవడు. గర్వంగా అనిపించింది.

"ఎలా ఉందిరా?" అన్నాను.

"ఇప్పుడు బాగుంది" అన్నాడు.

జెల్లీ మరకలు అంటకముందే లాక్కుని కవర్లో పెట్టి అతికించేశాను.

ఏప్రిల్ 24, గురువారం

రేపు ప్రయాణం. బ్రిట్ ఫోన్ చేసింది.

"నువ్వు ఊరెళ్తున్నావని అర్డిస్ ఆంటీ చెప్పింది. ఈ మూడు రోజులూ వాణ్ణి నా దగ్గర ఉంచొచ్చుగా అమ్మా. పనికి సెలవు పెట్టుకుంటాను."

"కోర్టు ఆదివారాలే అంది."

"నువ్వు సరేనంటే కోర్టు కాదనదు."

"నేను సరేననలేదుగా."

ఫోన్‌లో తను ఊపిరి బిగబట్టడం వినపడింది. నేను మాట తప్పించుకుని తిరుగుతుంటే చిన్నప్పుడు కూడా అలాగే ఊపిరి బిగబట్టి నిలబడేది. "పోనీ, ఒక్కసారి వాడితో మాట్లాడనా?" అంది చివరికి.

నిద్రపోయాడని చెప్పాను. అప్పుడు ఇంకా ఎండ పోలేదు. నోటికి అలవాటైపోయింది.

ఓరిన్ అర్డిస్ దగ్గర ఉంటాడు. కోళ్ళంటే వాడికి ఇష్టమే.

ఏప్రిల్ 25, శుక్రవారం, హోటలు

జనం. దాదాపు అందరూ ఆడవాళ్ళే, అందరి మెడలోనూ పేరు రాసిన అట్టముక్కలు. ఎవరు ఎడిటరో, ఎవరు మనలాంటివాళ్ళో ఆ అట్ట రంగు చూసి తెలుసుకోవాలి. ఎడిటర్లది ఎరుపు. ఎర్ర అట్ట కనపడితే చాలు, బెల్లం చుట్టూ చీమలు. ఒకావిడ ఎడిటరు వెనకాలే ఆడవాళ్ళ బాత్రూంలోకి వెళ్ళి తలుపు కింద నుంచి తన కథ చెప్పిందట. నాకు పక్క కుర్చీలో దొరికిన ట్రూడీ చెప్పింది. ట్రూడీది రోచెస్టరు. స్నానం చేయనని మొరాయించే డైనోసార్ల మీద రాస్తోంది, పన్నెండేళ్ళుగా ఆ ఒక్క కథనే తిరగరాస్తోంది. "నా డైనోసారు ఎడిటర్ల చేతుల్లోనే అంతరించిపోయింది" అని తనే నవ్వుకుంది. మంచి మనిషి.

మధ్యాహ్నం మొదటి పేజీల సభ. అందరూ ముందే పేరు లేకుండా మొదటి పేజీ, కథ నాలుగు ముక్కల్లో పంపాలి. ఒకాయన చదువుతాడు, వేదిక మీద ఎర్ర అట్టల వాళ్ళు ముగ్గురు ఎలా ఉందో ముఖం మీదే చెప్తారు. ఎవరిదో బయటపడకూడదని నియమం. రాసినవాళ్ళు రాతి బొమ్మలా కూర్చోవాలి.

నాది నాలుగోది. చదివినాయన గొంతు బాగుంది. నా మాటలు నాకే కొత్తగా వినపడ్డాయి. ఆ తర్వాత వేదిక మీదున్న కుర్ర ఎడిటరు ఒకడు మైకు దగ్గరికి లాక్కున్నాడు.

"ఇందులో పిల్ల ఏం చేస్తుంది? ఏమీ చేయదు, వీపు మీద కూర్చుంటుంది. గద్దను తరిమేది అమ్మమ్మ, వానలో కాపాడేది అమ్మమ్మ. పిల్లల పుస్తకంలో పెద్దవాళ్ళు పక్కకు తప్పుకోవాలండీ. ఇది పిల్లల కోసం రాసింది కాదు, అమ్మమ్మల కోసం రాసింది."

అందరూ నవ్వారు. ట్రూడీ నా చెవి దగ్గరికి వంగింది.

"ఎవరు రాశారో గానీ, ఈ అమ్మమ్మకి కూతురితో మాటల్లేవు."

నేను కూడా నవ్వాను. ఇంకేం చేయను. రాత్రి భోజనంలో చికెన్ రబ్బరులా ఉంది. గదికొచ్చి పడుకున్నాను. సిగ్గుగా ఉంది, ఈ వయసులో. రేపు ఆ రెనాటా కూడా ఇదే అంటే మూటాముల్లే సర్దుకుని పొద్దున్నే వెళ్ళిపోతాను. కానీ పుస్తకం రావాలి. వాడికి నేనేం చేశానో ఒకచోట అచ్చులో ఉండాలి. రేపు పెద్దయ్యాక వాళ్ళమ్మ వాడికి ఏవేవో చెప్తుంది, అప్పుడు వాడి చేతిలో నా పుస్తకం ఉండాలి.

ఏప్రిల్ 26, శనివారం

ఎలా రాయాలో తెలియడం లేదు. జరిగింది జరిగినట్టు రాస్తాను.

రెనాటా ప్రూయిట్‌కి నా కూతురి వయసుంటుంది. డమ్మీ కవరు తనే చింపి బల్ల మీద పెట్టుకుంది. గట్టిగా చదవలేదు. మాటల మీద చూపు పెట్టినట్టే లేదు. పేజీలు తిప్పుతూ పోయి మధ్యలో ఆగింది. వెనక్కి వెళ్ళింది. మళ్ళీ ముందుకు వచ్చింది. ముఖం దగ్గరగా పెట్టి చూసింది. అయిపోయింది నా పని అనుకున్నాను.

"ఇది మీకు ఎలా తట్టింది?" అంది.

"ఏది?"

"ఇదే" అని వేలు పెట్టింది. పేజీ మూలన, నీళ్ళ మీద నల్లగా చుక్క. చుక్క కాదు, తల. లూన్ తల, ఎర్రటి కన్నుతో. నేను గీసింది కాదు. ఆ పేజీలో ఆ మూలన నేను నీళ్ళు తప్ప ఏమీ వేయలేదు.

"తల్లి మునిగిన పేజీ తిప్పగానే మొదలవుతోంది" అంది రెనాటా. "ముందు ఆవలి ఒడ్డున ఉంది. తర్వాత రెల్లు పక్కన. గాలివాన పేజీలో కూడా ఉంది, అదిగో, అలల మధ్య. పేజీ పేజీకీ కొంచెం దగ్గరవుతోంది. మీ మాటల్లో ఎక్కడా ఆ ఊసే లేదు. అమ్మమ్మ తన గొప్ప తను చెప్పుకుంటూ పోతోంది, వెనకాలే తల్లి ఈదుకుంటూ వస్తోంది. అమ్మమ్మకి కనపడదు. చదివి వినిపించే పెద్దవాళ్ళకీ కనపడదు. పిల్లలు చూస్తారు. వాళ్ళు మాటలు వినరు కదా, బొమ్మలో మూలలు వెతుకుతారు."

చివరి పేజీ తీసింది. అక్కడ తల్లి అమ్మమ్మ తోక పక్కనే ఉంది, ముక్కు పిల్లకి తగిలేంత దగ్గరగా. కింద నా వాక్యం, అమ్మమ్మ ఉండగా ఇంకెవరూ అక్కర్లేదు.

"ఈ వాక్యం ఈ బొమ్మ కింద ఎంత భయంకరంగా ఉందో. కావాలనే పెట్టారుగా?"

"కావాలనే" అన్నాను.

"తలలు మాత్రం పిల్లలు గీసినట్టే ఉన్నాయి. మీ మిగతా బొమ్మల చెయ్యి వేరు. ఎలా చేశారు?"

"చాలా సాధన చేశాను" అన్నాను.

తన కార్డు ఇచ్చింది. మాటలు తగ్గించి, ఆ తలల జోలికి వెళ్ళకుండా నెలలోపు పంపమంది. బయట ట్రూడీ నా చేతిలో కార్డు చూసి నన్ను వాటేసుకుని ఏడ్చింది. పాపం, అసూయ కూడా పడలేదు.

గదికొచ్చి కళ్ళజోడు పెట్టుకుని ఒక్కో పేజీ చూశాను. రెనాటా కంట పడనివి కూడా ఉన్నాయి. ఒకచోట తల లేదు, నీళ్ళ మీద చిన్న సుడులు మాత్రం ఉన్నాయి. అక్కడ నీళ్ళ కింద ఈదుతోందని అర్థం. అంత ఆలోచించాడు. హామ్ చేస్తూ గర్వంగా చూసుకున్నాను కదా, అప్పుడు గీస్తున్నది ఇది.

మంగళవారం విచారణ. కోర్టు తరఫున పిల్లాడితో మాట్లాడబోయే ఆవిడ వాడు గీసిన బొమ్మలు కూడా చూస్తానంది. ఈ డమ్మీ ఆవిడ చేతిలోనో బ్రిట్ లాయరు చేతిలోనో పడితే? పిల్లల గీతలకి ఏదో ఒక అర్థం లాగేవాళ్ళు వీళ్ళంతా. వాడు సరదాగా గీశాడు, అంతే. లూన్లంటే వాడికి ఇష్టం.

రబ్బరుతో చెరిపాను. నల్ల పెన్సిలు పోయింది. కన్ను పోలేదు. ఎర్ర క్రేయాన్ రబ్బరుకి లొంగదు, పులుముకుపోతుంది. గోళ్ళు అరగదీసుకునే రేకుతో గీకాను. చివరి పేజీలో కాగితం చిల్లు పడింది. కోపం వచ్చింది. నన్ను అడక్కుండా నా పుస్తకంలో గీస్తాడా. ఏడుపు కూడా వచ్చింది. ప్రయాణం బడలిక.

రెనాటాకి తర్వాత నేనే గీసి పంపుతాను. తల గీయడం ఎంతసేపు.

ఏప్రిల్ 27, ఆదివారం

సాయంత్రానికి ఇల్లు చేరాను. నేను ఊళ్ళో లేను కాబట్టి ఈ ఆదివారం బ్రిట్ దగ్గరికి పంపడం కుదరలేదు. ఓరిన్ అర్డిస్ గుమ్మంలోంచి పరుగెత్తుకొచ్చాడు, చొక్కా నిండా కోడి ఈకలు. నన్ను కాదు, సంచీ పట్టుకున్నాడు.

"పుస్తకాల వాళ్ళు ఏమన్నారు?"

"బాగుందన్నారు."

"మొత్తం చూశారా? అన్ని పేజీలూ?"

తీసి ఇవ్వక తప్పలేదు. కోటు కూడా విప్పకుండా నేల మీద కూర్చుని తిప్పాడు. తల్లి మునిగిన పేజీ దాటాడు. తర్వాతి పేజీలో మూల మీద బొటనవేలు పెట్టి రాశాడు. తర్వాతి పేజీ. తర్వాతి పేజీ. చివరి పేజీలో చిల్లులోంచి వేలు దూర్చాడు.

"వాళ్ళు తీసేయమన్నారా?" అన్నాడు.

నాకు ఊపిరి తీసుకునే వ్యవధి కూడా ఇవ్వలేదు వాడు. లేకపోతే వేరేగా చెప్పేదాన్నేమో.

"ఆఁ. పుస్తకాల వాళ్ళు వద్దన్నారు" అన్నాను.

"అయితే తను పైకి రాదా?"

"ఈ కథలో రాదు."

"వాళ్ళకి బాగా తెలుసా?"

"వాళ్ళ పనే అది కదరా. న్యూయార్క్ నుంచి వచ్చారు."

వాడు ఏడుస్తాడనుకున్నాను. ఏడవలేదు. పుస్తకం మూసి, కవర్లో పెట్టి, నాకే తిరిగి ఇచ్చాడు. తర్వాత మాంసం, కూరలు కలిపి ఓవెన్‌లో వండిన హాట్‌డిష్ మారు మాట్లాడకుండా తిన్నాడు, బఠాణీలతో సహా. బఠాణీలు వాడు ఎప్పుడూ తినడు.

ఏప్రిల్ 28, సోమవారం

నీలం చొక్కా ఇస్త్రీ చేశాను. బ్రిట్ ఫోన్ చేయలేదు. లాయరు వద్దని ఉంటాడు.

ఏప్రిల్ 29, మంగళవారం

గెలిచాను.

పొద్దున కోర్టు తరఫున పిల్లలతో మాట్లాడే ఆవిడ, మోనీక్ అట, ఓరిన్‌ని వేరే గదిలోకి తీసుకెళ్ళింది. బ్రిట్, నేను నడవాలో ఎదురెదురు బల్లల మీద కూర్చున్నాం. మనిషి చిక్కింది. చేతుల మీద పొయ్యి కాలిన మచ్చలు. జుట్టు చక్కగా దువ్వుకుంది, నేను చిన్నప్పుడు దువ్విన పద్ధతిలోనే పాపిడి తీసి. చూడకూడదనుకుంటూనే చూశాను.

"ఊరికి వెళ్ళొచ్చావుగా, నీ పుస్తకం ఏమైందమ్మా?" అంది.

"నచ్చింది వాళ్ళకి."

"నాకు సంతోషమే. నిజంగానే అంటున్నా." ముందుకు వంగి, "వాడికి ఏమైనా చెప్పావా? నా గురించి?" అంది.

"నేనేం చెప్తాను."

మోనీక్ బయటికి వచ్చి నన్ను పక్కకు పిలిచింది.

"అమ్మమ్మ దగ్గరే ఉంటానన్నాడండీ. అమ్మ కావాలా అంటే అక్కర్లేదన్నాడు. ఏడవలేదు, తడబడలేదు. ఒక మాట మాత్రం నాకర్థం కాలేదు. అమ్మ రాదని తెలిసినవాళ్ళు చెప్పారన్నాడు. న్యూయార్క్ వాళ్ళట. ఎవరండీ వాళ్ళు?"

"నా పుస్తకం సంగతి చెప్తున్నాడు. అందులో ఒక పక్షి ఉంది. ఎడిటరు ఏమందో అడిగితే చెప్పాను."

ఇందులో అబద్ధం ఏముంది. పక్షి ఉంది, ఎడిటరు ఉంది. ఆవిడ నా వైపు ఒక్క క్షణం ఎక్కువగా చూసింది, తర్వాత రాసుకుంది.

జడ్జి పెద్దగా మాట్లాడలేదు. పిల్లవాడు ఇక్కడ కుదురుకున్నాడు, తల్లి కోసం బెంగపడుతున్నట్టు లేదు, శరదృతువులో మళ్ళీ చూద్దాం అన్నాడు. అంతవరకు ఆదివారాలు కూడా తప్పనిసరి కాదు. తల్లి ఎప్పుడు రావచ్చో నేను చెప్పాలట. అంతా నా ఇష్టం. మా లాయరు నాతో చెయ్యి కలిపాడు.

బ్రిట్ మెట్ల దగ్గర ఆగింది. గోల చేస్తుందని భయపడ్డాను.

"ఏడవకుండా చెప్పాడటగా. పోన్లే" అంది. కారు దాకా నడిచి వెళ్ళి, లోపల కూర్చుని, చాలాసేపు కారు తీయలేదు.

ఏప్రిల్ 30, బుధవారం

నిద్ర పట్టలేదు. గెలిచినవాళ్ళకి కూడా పట్టదు కాబోలు.

మే 2, శుక్రవారం

రెనాటా నుంచి మెయిల్. వాళ్ళ ఆఫీసులో అందరికీ ఆ తలల గురించి చెప్పిందట. మాటలు తర్వాత చూసుకుందాం, ముందు డమ్మీ ఉన్నది ఉన్నట్టు పంపండి అంటోంది. ఇలాంటి మెయిల్ కోసం ట్రూడీ పన్నెండేళ్ళ నుంచి చూస్తోంది.

ఊరి నుంచి వచ్చిన దగ్గర్నుంచి రాత్రిళ్ళు కూర్చుని కొత్త కాగితాల మీద పేజీలన్నీ మళ్ళీ వేశాను. తలలు గీయబోతే రావడం లేదు. నేను గీస్తే బాతు వస్తోంది. కన్ను పెడితే బాతుకి కళ్ళకలక వచ్చినట్టుంది. వాడు గీసినదాంట్లో ఏముందో తెలుసు, చేతికే రావడం లేదు. వాడు గీసిన తల ఎటో చూస్తూ ఉండేది. నా తల ఎటూ చూడదు.

ఓరిన్ స్కూలు నుంచి వచ్చి, బూట్లు విప్పి వరసగా పెట్టి, "ఇక్కడ కూర్చోవచ్చా?" అని అడిగాడు. తన కుర్చీలో కూర్చోవడానికి. వారం నుంచి అంతే, అన్నిటికీ అనుమతి అడుగుతున్నాడు. పాలు తాగొచ్చా, బయటికి వెళ్ళొచ్చా. అర్డిస్ గేటు దగ్గర చూసి, "పిల్లాడు చుట్టపుచూపుగా వచ్చినట్టు మసులుతున్నాడేంటే నీ ఇంట్లో" అంది.

బుద్ధిగా ఉంటున్నాడు, అంతే. కోర్టు గొడవ తీరింది కదా.

మే 4, ఆదివారం

చర్చి నుంచి వచ్చాక వాడి ముందు కొత్త డమ్మీ పెట్టాను. నల్ల పెన్సిలు చెక్కి ఇచ్చాను. ఎర్ర క్రేయాన్ పక్కన పెట్టాను. అటు చూశాడు గానీ ముట్టుకోలేదు.

"అప్పుడు గీశావు కదరా, తలలు. మళ్ళీ గీయవా?"

"నాకు గీయడం రాదు."

"వచ్చు. చాలా బాగా వచ్చు."

"వాళ్ళు వద్దన్నారుగా."

ఇక్కడ చెప్పి ఉండొచ్చు. వాళ్ళు వద్దనలేదురా, నేనే చెరిపాను అని. నాలుగు మాటలు. నోటి దాకా వచ్చాయి కూడా. కానీ చెప్తే ఆ తర్వాత వాడు అడిగేవి ఉంటాయి. వాటికి నా దగ్గర ఏమీ లేదు.

"ఇప్పుడు కావాలంటున్నారు" అన్నాను. "మనసు మార్చుకున్నారు."

వాడు తలెత్తి నన్ను చూశాడు. వారంలో మొదటిసారి వాడి ముఖంలోకి రంగు వచ్చింది.

"నిజంగా? న్యూయార్క్ వాళ్ళేనా?"

"వాళ్ళే."

"అయితే అమ్మ ఇప్పుడు రావచ్చా?"

పుస్తకంలోకే కదా అడుగుతున్నాడు అనుకున్నాను. అలా అనుకోవడానికి ఒక్క క్షణమే పట్టింది.

"రావచ్చు" అన్నాను.

పెన్సిలు తీసుకున్నాడు. నాలుక కొస బయటపెట్టి, మోచెయ్యి అడ్డం పెట్టుకోకుండా, నాకు కనపడేటట్టే గీశాడు. ఆవలి ఒడ్డు. రెల్లు. అలల మధ్య. చెయ్యి ఎక్కడా ఆగలేదు. ఈసారి సుడుల పేజీలో నీళ్ళ కింద రెక్కలు కూడా వేశాడు. నేను పక్కన నిలబడి చూస్తూ, ఇది ఖాయంగా అచ్చవుతుంది అనుకున్నాను. సంతోషం కలిగింది. అబద్ధం ఎందుకు రాయాలి, కలిగింది. చివరి పేజీలో తల్లి ముక్కు పిల్లకి తగిలింది. ఎర్ర కన్ను పెట్టి, క్రేయాన్ పెట్టెలో సర్ది, "అయిపోయింది" అని కుర్చీ దిగాడు.

నేను కవరు మీద న్యూయార్క్ చిరునామా రాసుకుంటుంటే ముందు తలుపు చప్పుడైంది. చూస్తే వాడు బయట మెట్టు మీద కూర్చున్నాడు. కోటు గుండీలు మెడ దాకా పెట్టుకున్నాడు. టోపీ పెట్టుకున్నాడు. ఊరి పక్కనున్న పెద్ద సరస్సు మీంచి గాలి కోసేస్తోంది.

"ఏం చేస్తున్నావురా చలిలో?"

"అమ్మ వస్తుందిగా."

బ్రిట్ నంబరు నాకు నోటికి వచ్చు. క్లోకే నుంచి గంట ప్రయాణం కూడా లేదు. ఫోన్ తీసుకుని వంటింట్లోకి వెళ్ళాను, బల్ల మీద పెట్టాను, మళ్ళీ తలుపు దగ్గరికి వచ్చాను. తను ఒకసారి ఈ గుమ్మం ఎక్కితే వాణ్ణి మళ్ళీ ఇక్కడ ఉంచలేను. అది నాకు తెలుసు. నాకు భయంగా ఉంది. వాడు లేని ఇంట్లో నేనేం చేయను.

"లోపలికి రా. జలుబు చేస్తుంది."

"అమ్మ వచ్చాక వస్తాను అమ్మమ్మా" అన్నాడు, రోడ్డు మీంచి చూపు తిప్పకుండా. "నాకు చలెయ్యట్లేదు. నువ్వెళ్ళి రాసుకో."

రాసుకుంటున్నాను.